ఆట విడిచిన తరువాత

చలనచిత్ర చరిత్రను వ్రాయువారు సాధారణముగా నిర్మాతలను, దర్శకులను, నటీనటులను గూర్చి వ్రాయుదురు. ఏ చిత్రము ఏ సంవత్సరమున విడుదలయ్యెనో, ఎన్ని వారములు నడచెనో లెక్కలు కట్టుదురు. పత్రికల సమీక్షలును కొంతవఱకు భద్రముగనే యున్నవి. కొడవటిగంటి కుటుంబరావు వంటివారు చలనచిత్రములపై వ్రాసిన వ్యాసములు సంపుటముగా గూడ దొరకుచున్నవి. కాని రెండవ ఆట విడిచిన పిమ్మట నలుగురు కలిసి చీకటిలో ఇంటికి నడచిపోవుచు చెప్పుకొనిన మాటలు ఎక్కడను నమోదు కాలేదు. మరునాటి ఆటకు జనము వచ్చుటయు రాకుండుటయు ఆ మాటలపైననే ఆధారపడి యుండెను. ఇందూరు, బోధను ప్రాంతములలో ఆ మాటలు ఏ భాషలో, ఏ తీరున సాగినవో కొంత విచారింతము.

ఇందూరు పేరు 1905లో నిజామాబాదుగా మారెను. సికింద్రాబాదు నుండి మన్మాడు పోవు రైలుమార్గము ఈ పట్టణము మీదుగనే పోవును. బొంబాయి సరకులతోపాటు బొంబాయి రుచులును ఆ బండిలోనే దిగినవి. మంజీర నదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరము ఈ సీమ రూపమునే మార్చివేసెను. ఆ కాలువల నీటిని నమ్ముకొని కృష్ణా, గుంటూరు, గోదావరి మండలముల రైతులు తరలివచ్చి, భూములు సంపాదించి, గుడిసెలు వేసికొని స్థిరపడిరి. వారి నివాసములకు 'క్యాంపు' అను పేరు నిలిచిపోయినది. వర్ని, కోటగిరి, బోధను పరిసరములలో ఊరిపేరు చివర ఆ మాట నేటికిని వినవచ్చును. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరొందిన ఆ కర్మాగారము పక్కన శక్కర్‌నగర్ అను కొత్త బస్తీ లేచెను. యంత్రపు పనివారు, గుమాస్తాలు, చెఱకు నరకు కూలీలు నానాదిక్కుల నుండి చేరిరి. మరాఠీ దేశము కూతవేటు దూరము. ఈ విధముగా ఒకే టిక్కెట్టు కిటికీ ముందు తెలుగు, ఉర్దూ, మరాఠీ మాటలాడు జనము వరుసగా నిలుచుండునట్టి స్థితి యేర్పడెను.

నిజాము రాజ్యమున చలనచిత్రమునకు తొలినాళ్లు సుఖముగా గడచినవి కావు. 1920 దశకమున ధీరేన్ గంగూలీ అను వంగదేశీయుడు హైదరాబాదులో లోటస్ ఫిలిం కంపెనీని నెలకొల్పి మూకీ చిత్రములు నిర్మించెను. 'రజియా బేగం' అను చిత్రమును ప్రదర్శించినందున ప్రభువు ఆగ్రహమునకు గురియై రాజ్యము విడిచిపోవలసి వచ్చెను. బహిరంగ సభ జరుపవలెనన్న గస్తీ నిషాన్ 53 ప్రకారము ముందుగా ప్రభుత్వానుమతి పొందవలసిన రోజులవి. 1937లో నిజామాబాదులోనే ఆరవ ఆంధ్ర మహాసభ జరిగెను. తెలుగువారి ఆ సభకు అధ్యక్షత వహించిన మందుముల నరసింగరావు 'రయ్యత్' అను ఉర్దూ పత్రికకు సంపాదకుడు! ఈ సీమలో భాషలు ఎట్లు పెనవేసికొనియుండెనో తెలియుటకు ఈ యొక్క సంగతి చాలును. సభకు అనుమతి కావలెను గాని, టిక్కెట్టు కొనిన వందలమంది మూడు గంటలు ఒకచోట కూర్చుండి, బయటికి వచ్చి, 'ఇది బాగున్నది, అది బాగులేదు' అని బిగ్గరగా చెప్పుకొనుటకు ఎవరి అనుమతియు అక్కఱలేదు. సామాన్యుడు తన తీర్పును నలుగురిలో ధైర్యముగా ప్రకటించుటకు దొరకిన తొలి యవకాశములలో సినిమా యొకటియని మా యభిప్రాయము.

తెలుగు టాకీ 1932లో 'భక్త ప్రహ్లాద'తో పుట్టెను. కాని తెలంగాణమున బడిచదువు ఉర్దూలో నుండెను. కచ్చేరి భాషయు ఉర్దూయే. కావున చదువుకొనిన యువకులకు బొంబాయి చిత్రముల సంభాషణ చెవికి ఇంపుగా నుండెను. క్యాంపుల రైతులకు ఆ భాష కొఱుకుడు పడదు. వారు తమతో నాటకపు పద్యమును, ఘంటసాల పాటను, మద్రాసు తెలుగు చిత్రముపై మమకారమును తెచ్చుకొనిరి. చిత్రమునకు వారు పెట్టిన పేరే వేఱు. క్యాంపులో అది 'బొమ్మ', బోధను బజారులో 'పిచ్చర్'. అచట బొమ్మ ఆడును, ఇచట పిచ్చర్ నడచును.

ఈ రెండు రుచులును ఎదురుపడిన ఘట్టము 'దేవదాసు'. శరత్‌బాబు నవలను 1936లో సైగల్ నాయకుడుగా హిందీలో తీసిరి. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటించిన తెలుగు చిత్రము వచ్చెను. మఱి రెండేండ్లకు, 1955లో, బిమల్ రాయ్ తీసిన చిత్రమున దిలీప్ కుమార్ దేవదాసయ్యెను. ఒక్క కథ, ముగ్గురు నాయకులు. ఈ మువ్వురిని వారి వారి భాషలలోనే విని, పోల్చి చెప్పగలిగిన ప్రేక్షకుడు బెజవాడలో అరుదు, బొంబాయిలో అంతకన్న అరుదు. చక్కెర సీమలో మాత్రము అట్టివాడు ప్రతి హోటలులోను ఒకడుండెను. "నాగేశ్వర్రావు తాగినట్టు ఎవరు తాగగలరండీ!" అని క్యాంపు రైతు మురియును. "సైగల్ తాగలే, పాడిండు. గదే ఫరకు" అని బోధను వాడు ఒక్క మాటతో తేల్చివేయును. ఇట్టి వాదములు ఇరానీ చాయి చల్లారువఱకు సాగెడివని పెద్దలు చెప్పగా మేము వినియున్నాము. ఎవరును ఓటమి నొప్పుకొనెడివారు కారు.

స్త్రీల తీర్పు వేఱొక తీరుగా నుండెను. జనానా పక్కన కూర్చుండి మాట్నీ చూచివచ్చిన యమ్మలక్కలకు నాయకుని తాగుడుపై అంత మోజు లేదు. పార్వతి ఏమి పాపము చేసినది, ముసలి మగనికి ఆమెను కట్టబెట్టినవారిని ఎవరు అడుగుదురు, అని వారి ప్రశ్న. పొలములో కలుపు తీయుచు ఆ కథనే వారము దినములు చెప్పుకొనెడివారు. పురుషులు ముగ్గురు నటులను తూచుచుండగా స్త్రీలు కథనే తూచినారు. విమర్శకులు ఈ కథపై ఎన్నో పుటలు నింపిరి గాని, మా దృష్టిలో కలుపుచేలలో పుట్టిన ఆ ప్రశ్నకు సమాధానము ఇంకను రాలేదు.

చూడనివారికి చూచినవాడు కథ చెప్పుట మఱియొక విద్య. అణాల పాటల పుస్తకమున కథ సగము చెప్పి, తక్కినది వెండితెరపై చూడుడని ముద్రించెడివారు. ఆ తక్కిన సగమును పూరించువాడే ఊరి విమర్శకుడు. ఆతడు సంభాషణలు పలికి, పాట కూని రాగము తీసి, కత్తియుద్ధమును చెఱకుగడతో చూపి, చివరకు తన తీర్పు చెప్పును. "పైసా వసూల్" అన్న రెండు మాటలు అతని నోటినుండి వెలువడిన చాలును, మరునాడు బండ్లు కట్టుదురు.

రెండు భాషల నడుమ చిత్రములే ప్రయాణము చేయుటయు ఈ వాదములకు నూనె పోసెను. 1955లో తాపీ చాణక్య తీసిన 'రోజులు మారాయి'లో నర్తించిన వహీదా రెహమాన్, రెండేండ్లు గడచునప్పటికి హిందీ 'ప్యాసా'లో నాయికలలో నొకతె. 1964లో రామారావు ద్విపాత్రాభినయము చేసిన 'రాముడు-భీముడు'ను అదే చాణక్య 1967లో దిలీప్ కుమార్‌తో 'రామ్ ఔర్ శ్యామ్'గా తీసెను. ఈ పర్యాయము "మాదే ముందు" అని చెప్పుకొనుట క్యాంపుల వంతయ్యెను.

ఇందూరు పేరెత్తి దాశరథిని స్మరింపకుండుట ధర్మము గాదు. నిజాము పాలన చివరి దినములలో నిజామాబాదు ఖిల్లా జైలున బందీయై, గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసిన కవి ఆయన. ఆ కవియే 1961లో 'వాగ్దానం', 'ఇద్దరు మిత్రులు' చిత్రములకు పాటలు వ్రాసెను. గాలిబును తెనిగించిన చేయి యది. ఉర్దూ తెలిసిన శ్రోత ఆ పాటలలో గజలు గాలిని పోల్చుకొనెను. ఉర్దూ రానివాడు మంచి తెలుగు పాటయని పాడుకొనెను. రెండు రుచులును ఒకచోట వాదము లేక కలిసికొనుట అప్పుడే సాధ్యమయ్యెనేమో. ఆయన ఆకాశవాణిలో ఉద్యోగము చేసినవాడగుట మనకు మఱింత దగ్గఱ సంగతి.

ఆకాశవాణి ప్రసక్తి వచ్చినది గనుక ఒక పొరపాటును దాచుట యెందుకు? దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో చేరెను. 1952లో మంత్రియైన కేస్కర్ గారు చిత్రగీతములు శ్రోతల యభిరుచిని చెఱచునని తలచి వానిని దాదాపు వెలివేసిరి. ఆ యేడాదియే సిలోను రేడియోలో అమీన్ సయానీ బినాకా గీతమాల మొదలు పెట్టెను. శ్రోతలు మారుమాటాడక ముల్లును కొలంబో వైపు త్రిప్పిరి. 1957 అక్టోబరు 3న వివిధ భారతి ఆరంభమైన పిమ్మటగాని వారు తిరిగి రాలేదు. ప్రేక్షకుని తీర్పును తేలికగా తీసికొనినవారికి జరిగినది అది.

కాని ఈ సీమ ప్రేక్షకునకు తెలుగు చిత్రముపై ఒక ఫిర్యాదు బహుకాలము మిగిలియుండెను. తాను ఇంట మాటలాడు మాట తెరపై ఏ హాస్యగాని నోటనో, ఏ దుండగుని నోటనో తప్ప వినబడదు. నాయకుడును నాయికయు ఎప్పుడును కోస్తా మాటయే మాటలాడుదురు. క్యాంపు స్నేహితుడు పక్కన కూర్చుండి నవ్విన నవ్వు ఇతనిని గ్రుచ్చుకొనెడిది. 1980లో గౌతమ్ ఘోష్ దర్శకత్వమున, బి. నరసింగరావు పూనికతో వచ్చిన 'మా భూమి' ఆ గాయమునకు తొలి లేపనము. ఆ కథకు మూలము కిషన్ చందర్ ఉర్దూ నవల. తెలంగాణ రైతు గాథ ఉర్దూలో పుట్టి, వంగ దర్శకుని చేతిలో తెలుగు చిత్రమగుట ఇతర ప్రాంతములవారికి వింతగా తోచవచ్చును. బోధను వారికి వింత తోచవలసిన పనిలేదు.

చక్కెర కర్మాగారమున అధిక వాటా 2002లో ప్రైవేటు చేతులకు పోయెను. 2015 డిసెంబరులో అది మూతపడెను. పని మారు వేళ సైరను మ్రోగుట ఆగిపోయెను. దానితో పని విడిచి తిన్నగా ఆటకు పోవు గుంపులును, ఆ గుంపులు నిలిచి మాటలాడు హోటళ్లును పలచబడెను. చెఱకు మళ్లు వరిమళ్లుగా మారినవి. బకాయిలకై ఎదురుచూచు కార్మికుని ఇంట చిత్రములను గూర్చిన మాట వచ్చుట తగ్గెను.

అట్టి కాలమున, 2017 జూలైలో, 'ఫిదా' వచ్చెను. నిర్మాత దిల్ రాజు నిజామాబాదు జిల్లా నర్సింగుపల్లివాడు, దర్శకుడు శేఖర్ కమ్ముల. కథానాయిక భానుమతిది బాన్సువాడ. నిజాంసాగరము కాలువల పక్కన, చెఱకు సీమకు పొరుగుననున్న ఊరది. తమిళ దేశపు సాయి పల్లవి ఆ పాత్ర ధరించి తన గొంతుతోనే తెలంగాణ మాట పలికెను. నాయికయే ఆ మాట పలుకుట జనమునకు పండుగయ్యెను. తరువాత 2023లో 'బలగం' వచ్చినప్పుడు పల్లెలలో తెర కట్టి, ఊరంతయు నేలపై కూర్చుండి చూచిరి. నేల తరగతి మరల పుట్టినట్లయ్యెను.

'ఫిదా' చూచివచ్చిన గుంపులో మేమును ఉంటిమి. జనము తెగ సంతోషముగ నుండెను. ఒక్క ముసలాయన మాత్రము చేతికఱ్ఱపై నిలిచి, "పిల్ల మంచిగ చేసింది. మాట మన మాటనే. కని ఆ రాగం బాన్సువాడది గాదు, పట్నపుది" అనెను. పక్కనున్న క్యాంపు పెద్దమనిషి, తాత గుంటూరు నుండి వచ్చినవాడు, ఒప్పుకొనలేదు. "మా ఇంట్లో పిల్లలంతా అట్లనే మాట్లాడుతరు" అనెను. ఆతడు ఆ మాట తెలంగాణ యాసలోనే అనుటను ఇరువురిలో ఎవరును గమనింపలేదు. మేము బస్సెక్కునప్పటికిని వారు వాదించుచునే యుండిరి.