శాన్ ఆంటోనియో మిరప రాణులు

టెక్సస్‌లో ఉండే తెలుగు వాళ్ళకి శాన్ ఆంటోనియో గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇండియా నించి అమ్మానాన్నలో, అత్తమామలో వస్తే లాంగ్ వీకెండ్ చూసుకుని తీసుకెళ్ళే ఊరు అది. అలమో ముందు ఒక ఫొటో, రివర్ వాక్‌లో పడవ షికారు, పిల్లల కోసం సీ వరల్డ్. కట్టుకెళ్ళిన పులిహోర, పెరుగన్నం తినేసి చీకటి పడేలోగా తిరుగు ప్రయాణం. ఈ ఇరవై ఏళ్ళలో పదిసార్లైనా నేను ఆ యాత్ర చేసి ఉంటాను. అయితే చీకటి పడ్డాకే ఆ ఊరు నిద్ర లేచే రోజులు ఒకప్పుడు ఉండేవని, అలమో తర్వాత దానికి దేశమంతా పేరు తెచ్చింది రాత్రిపూట వీధిలో అమ్మిన కారం కూర అని నాకు తెలిసింది ఈ మధ్యనే. అది తెలిశాక మరికొంత చదివాను. చదివిన కొద్దీ అది మన కథలాగే కనిపించింది.

ముందు ఊరి సంగతి. 1718లో స్పెయిన్ వాళ్ళు అక్కడ ఒక మిషన్, పక్కనే ఒక సైనిక స్థావరం పెట్టారు. 1731లో కెనరీ దీవుల నించి కొన్ని కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. తర్వాత ఊరు మెక్సికో చేతికి, 1836లో స్వతంత్ర టెక్సస్ చేతికి, 1845లో అమెరికా చేతికి వచ్చింది. కాబట్టి అక్కడి మెక్సికన్ కుటుంబాల్లో కొన్ని ఎక్కణ్ణించీ వలస రాలేదు. వాళ్ళు ఉన్నచోటే ఉన్నారు, దేశాలే మారాయి.

ఊరి నడిబొడ్డున సైనికుల కోసం వదిలిన మైదానం ఒకటుంది. దాని పేరు మిలిటరీ ప్లాజా. పగలు అక్కడ గడ్డి బళ్ళు, కట్టెల బళ్ళు, కూరగాయల బళ్ళు నిలిచేవి. పొద్దు గూకాక ఆడవాళ్ళు వచ్చేవారు. ఊరికి పడమటి వైపున్న పేదల వాడల్లో ఇంటి దగ్గరే కూర వండి, పెద్ద పెద్ద గిన్నెలు బళ్ళకెత్తి తెచ్చేవారు. బల్లలు వేసి, లాంతర్లు వెలిగించి, నిప్పుల మీద గిన్నెలు పెట్టి కూర్చునేవారు. వాళ్ళు అమ్మే ముఖ్యమైన వంట చిలీ కాన్ కార్నే. స్పానిష్‌లో ఆ మాటకి అర్థం మాంసం వేసిన మిరపకాయ. ఎండు మిరపకాయలు, జీలకర్ర, వెల్లుల్లి వేసి మాంసాన్ని గంటల తరబడి ఉడికిస్తారు. పక్కన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె. ప్లేటు పది సెంట్లు. తెల్లవారేసరికి వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయేవారు. మళ్ళీ కూరగాయల బళ్ళు వచ్చేవి.

1877లో రైలు వచ్చింది. వ్యాపారులు, సిపాయిలు, పశువులు తోలే కౌబాయ్‌లు, గాలి మార్పు కోసం వచ్చిన రోగులు, వింతలు చూడ్డానికి వచ్చిన టూరిస్టులు, అందరూ ఆ బల్లల దగ్గరే చేరేవారు. కోటు వేసుకున్న బ్యాంకు ఆఫీసరూ, కూలివాడూ ఒకే బెంచీ మీద కూర్చుని తినేవారట. ఆ ఆడవాళ్ళకి పత్రికలవాళ్ళు ‘చిలీ క్వీన్స్’ అని పేరు పెట్టారు. మన మాటల్లో మిరప రాణులు. పేరు గొప్పదే కాని, పేర్లు పెట్టినవాళ్ళు ఎక్కువగా రాసింది వాళ్ళ కళ్ళ గురించి, జడలో పువ్వుల గురించి, చలాకీ మాటల గురించి. రాత్రంతా నిలబడి అమ్మి, పగలు మళ్ళీ వండి, ఇల్లు నడిపిన కష్టం గురించి రాసింది తక్కువ.

1895లో స్టీఫెన్ క్రేన్ అనే ప్రసిద్ధ రచయిత ఆ ఊరు వచ్చి ఈ బళ్ళ గురించి రాశాడు. మన కథకులకు గురుతుల్యుడైన ఓ. హెన్రీ ‘ది ఎన్‌చాంటెడ్ కిస్’ అనే కథలో ఈ బల్లల వాతావరణం వాడుకున్నాడు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో శాన్ ఆంటోనియో పేరుతో ఒక చిలీ దుకాణం పెట్టారని టెక్సస్ చరిత్రకారులు చెబుతారు. ఆ ప్రదర్శనకి అనుబంధంగా జరిగిన సర్వమత సభలోనే వివేకానందుడు మాట్లాడాడు.

ఇక్కడ మిరపకాయ గురించి ఒక మాట చెప్పాలి. నాది గుంటూరు. మిరపకాయ మా ఊళ్ళోనే పుట్టిందన్నట్టు పెరిగాం. నిజానికి 1492కి ముందు అమెరికా ఖండాల బయట ఎక్కడా మిరపకాయ లేదు. పోర్చుగీసు వాళ్ళు 16వ శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు. అంతవరకు మన పులుసుల్లో కారం అంటే మిరియాలే. శాన్ ఆంటోనియో వంటలో ఉన్న జీలకర్ర మాత్రం అటు పాత ప్రపంచం నించి స్పెయిన్ వాళ్ళతో వెళ్ళింది. వాళ్ళ మిరపకాయ మనకొచ్చింది, మనకి తెలిసిన జీలకర్ర వాళ్ళకి చేరింది. మా అమ్మకి ఈ సంగతి చెబితే, “అయితే మన గోంగూర పచ్చడిలో వాళ్ళకీ వాటా ఉందన్నమాట” అంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 1880ల చివర్లో ఊరి పెద్దలు మిలిటరీ ప్లాజా మధ్యలో సిటీ హాల్ కట్టడం మొదలుపెట్టారు. 1891కి అది పూర్తయింది. మిరప రాణులు అక్కణ్ణించి లేచి వేరే ప్లాజాలకి వెళ్ళారు. అక్కణ్ణించి మరో చోటికి. చివరికి పడమటి వైపున్న హేమార్కెట్ ప్లాజా, అంటే గడ్డి సంత, వాళ్ళకి మిగిలింది. 1930ల మొదట్లో అక్కడ ఈ బల్లల మధ్య తిరుగుతూ లిడియా మెండోజా అనే అమ్మాయి కుటుంబంతో కలిసి పాటలు పాడి చిల్లర పోగుచేసుకునేది. 1934లో ఆమె రికార్డు మెక్సికన్ అమెరికన్ల ఇళ్ళల్లో మారుమోగింది. 1999లో ఆమెకి అమెరికా ప్రభుత్వం జాతీయ కళా పతకం ఇచ్చింది.

ఈలోగా కూర మాత్రం వేరే దారిన పెద్దదైంది. విలియం గెబ్‌హార్ట్ అనే జర్మన్ వలసదారు దగ్గర్లోనే న్యూ బ్రౌన్‌ఫెల్స్‌లో ఒక కెఫే నడిపేవాడు. 1890లలో ఎండు మిరపకాయల్ని మసాలాతో కలిపి పొడి కొట్టి సీసాలకెత్తాడు. 1896లో దానికి ట్రేడ్‌మార్క్ తీసుకున్నాడు. తర్వాత డబ్బాల్లో వండిన చిలీ కూడా వచ్చింది. అతని తెలివినీ కష్టాన్నీ తక్కువ చెయ్యను. కాని రుచి సీసాలోకి, డబ్బాలోకి ఎక్కాక వండిన మనిషితో ఊరికి అవసరం తగ్గింది.

1937లో ఆరోగ్య శాఖ వాళ్ళు వీధి బల్లలకి కూడా హోటళ్ళకున్న శుభ్రతా నియమాలే పెట్టారు. ఆరుబయట గిన్నెలు కడుక్కునే వాళ్ళకి అది అయ్యే పని కాదు. బల్లలు ఎత్తేశారు. శుభ్రత అక్కర్లేదని ఎవరంటారు? ఆ రోజుల్లో శాన్ ఆంటోనియోలో క్షయతో చనిపోయేవాళ్ళు దేశంలోని సగటు కన్నా చాలా ఎక్కువ. కాని ఆ రోగాలకి మూలం పడమటి వాడల్లోని ఇరుకు గుడిసెలు, సరిగా లేని నీళ్ళ పైపులు, మురుగు కాలవలు. పైపులు వెయ్యడానికి ఖర్చవుతుంది, బల్లలు లేపడానికి నోటీసు చాలు. 1939లో మౌరీ మావెరిక్ మేయరయ్యాక వాళ్ళని మళ్ళీ రానిచ్చాడు. ‘మావెరిక్’ అనే ఇంగ్లీషు మాట ఈయన తాతగారి ఇంటిపేరు నించే పుట్టింది. పేరుకి తగ్గట్టే ఆయన నలుగురూ నడిచే దారిలో నడవలేదు. అయితే రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక కొద్ది కాలానికే బల్లలు మళ్ళీ మూతపడ్డాయి. ఆ తర్వాత ఆ రాత్రి బజారు తిరిగి నిలదొక్కుకోలేదు.

1977లో టెక్సస్ శాసనసభ చిలీని రాష్ట్ర వంటకంగా ప్రకటించింది. ఆ గౌరవం వచ్చేనాటికి దాన్ని ప్లాజాల్లో వండి పెట్టినవాళ్ళు అక్కడ లేరు.

ఇది పాత కథ అనుకుంటే పొరపాటు. 2024 జనవరి చివర్లో హైదరాబాద్ మాదాపూర్ దగ్గర రోడ్డు పక్కన భోజనం అమ్ముకునే ఒకావిడ బండికి యూట్యూబ్ పుణ్యమా అని జనం విరగబడ్డారు. ట్రాఫిక్‌కి అడ్డమని పోలీసులు తీయించేశారు. గోల అయ్యాక ముఖ్యమంత్రి కల్పించుకుని అక్కడే ఉండనివ్వమన్నారు. మావెరిక్ కథే మళ్ళీ. మన దేశంలో 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. ముందు సర్వే చేసి గుర్తింపు పత్రాలివ్వాలి, అంతవరకు ఎవర్నీ లేపకూడదు అంటుందా చట్టం. యూట్యూబ్‌లో పేరు రాని వేలమందికి దిక్కు ఆ చట్టమే, ముఖ్యమంత్రి ఫోను కాదు.

ఇప్పుడు అమెరికాలో మళ్ళీ రాత్రి బజార్ల మోజు వచ్చింది. 2012లో కాలిఫోర్నియాలో పసడీనాలో, 2015లో న్యూయార్క్ క్వీన్స్‌లో మొదలైనవి పేరు పొందాయి. వాటికి నమూనా తైవాన్‌లో తైనాన్, తైపే లాంటి ఊళ్ళ రాత్రి బజార్లు. క్వీన్స్ బజారులో ఏ వంటైనా ధర కొద్ది డాలర్లు దాటకూడదని మొదట్నించీ నియమం పెట్టారు. అది మంచి ఆలోచన. తినేవాడికీ అందుతుంది, కొత్తగా వచ్చిన వలసదారు చిన్న పెట్టుబడితో బల్ల వేసుకోగలుగుతాడు.

మన వాళ్ళలోనూ ఇంట్లో పచ్చళ్ళు, స్వీట్లు, కూరలు చేసి అమ్ముకునే ఆడవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. డిపెండెంట్ వీసా మీద వచ్చి ఉద్యోగం చెయ్యలేక కూర్చున్నవాళ్ళు, పిల్లలు పెద్దయ్యాక ఏదో చేద్దామనుకున్నవాళ్ళు. టెక్సస్‌లో 2011 నించి ఇంట్లో చేసిన కొన్ని రకాల పదార్థాలు అమ్ముకోవడానికి చట్టం ఉంది. ఎవరికి ఏది వీలవుతుందో, వీసా నియమాలేమిటో తెలుసుకుని చెప్పడం మన సంఘాలు చెయ్యగల పని. పండగలకి స్టాల్ అద్దె పెంచుకుంటూ పోతే చివరికి మిగిలేది పెద్ద రెస్టారెంట్లే. యాభై ఏళ్ళ తర్వాత మన పూతరేకులు సూపర్ మార్కెట్ డబ్బాలో దొరకొచ్చు. చేసినవాళ్ళ పేర్లు ఎక్కడైనా ఉంటాయా అన్నదే ప్రశ్న.

ఈసారి శాన్ ఆంటోనియో వెళ్తే అలమో నించి పడమరగా పావుగంట నడవండి. సాన్ ఫెర్నాండో చర్చి దాటగానే సిటీ హాల్ వస్తుంది. ఆ భవనం నిలబడ్డ నేలే పాత మిలిటరీ ప్లాజా. అక్కడ ఎవరు వండారో, ఎందుకు వెళ్ళిపోయారో పిల్లలకి చెప్పండి. మన మిరపకాయ ఎక్కణ్ణించి వచ్చిందో కూడా చెప్పండి.