రెండు వ్యాసాలు, ఒక తిరస్కరణ: డబ్లిన్ జెస్యూట్ కళాశాలలో విద్యార్థి జీవితం (1898–1902)

ఉపోద్ఘాతం

ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో, సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ ఉద్యానవనాన్ని ఆనుకొని ఉన్న యూనివర్సిటీ కాలేజీని 1883 నుంచి 1909 వరకు జెస్యూట్ గురువులు నిర్వహించారు. 1854లో జాన్ హెన్రీ న్యూమన్ ఆరంభించిన కేథలిక్ విశ్వవిద్యాలయం దీనికి మూలం. 1880లో ఏర్పడిన రాయల్ విశ్వవిద్యాలయం పాఠాలు చెప్పేది కాదు. పరీక్షలు జరిపి పట్టాలు ఇచ్చేది. అందువల్ల ఈ కళాశాల విద్యార్థి గురువుల వద్ద పాఠం విని, ప్రభుత్వ సంస్థ నుంచి పట్టా పొందేవాడు.

నవలాకారుడు జేమ్స్ జాయిస్ 1898 నుంచి 1902 వరకు ఇక్కడ ఆధునిక భాషలు చదివాడు. 1916లో పుస్తకంగా వెలువడిన ‘ఎ పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఆర్టిస్ట్ యాజ్ ఎ యంగ్ మ్యాన్’ నవలలోని అయిదో అధ్యాయానికి ఆ చదువుకాలమే నేపథ్యం. అందులో కనిపించేది అందరికీ దూరంగా నిలిచిన ఒంటరి విద్యార్థి. ఆ చిత్రం చరిత్ర ముందు ఎంతవరకు నిలుస్తుందో మూడు సంఘటనల ద్వారా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

తోటివారి ఒత్తిడి

1899 మే నెలలో డబ్లిన్‌లో డబ్ల్యూ. బి. యేట్స్ నాటకం ‘ది కౌంటెస్ కేథ్లీన్’ ప్రదర్శితమైంది. కరవులో ఉన్న ప్రజలను కాపాడటానికి ఒక దొరసాని తన ఆత్మను దయ్యాలకు అమ్ముకోవడం అందులోని ఇతివృత్తం. ఇది ఐరిష్ కేథలిక్కులకు అవమానమని కళాశాల విద్యార్థులు కొందరు పత్రికకు నిరసన లేఖ రాశారు. సంతకం చేయడానికి జాయిస్ అంగీకరించలేదు. ఇక్కడ అతడిపై వచ్చిన ఒత్తిడి సహవిద్యార్థుల నుంచి వచ్చింది. మతాభిమానం, జాతీయాభిమానం కలిసిన ఆ వాతావరణంలో భిన్నాభిప్రాయానికి చోటు తక్కువ.

అధ్యక్షుడితో వాదన

విద్యార్థుల సాహిత్య చారిత్రక సమితిలో 1900 జనవరి 20న జాయిస్ ‘డ్రామా అండ్ లైఫ్’ అనే పత్రం చదివాడు. దానిని ముందుగా చూసిన కళాశాల అధ్యక్షుడు ఫాదర్ విలియం డెలానీ కొన్ని భాగాలకు అభ్యంతరం తెలిపాడనీ, జాయిస్ స్వయంగా వెళ్లి వాదించి పత్రాన్ని మార్చకుండానే చదివే అనుమతి సాధించాడనీ జీవితచరిత్రకారులు పేర్కొన్నారు. సభలో వచ్చిన విమర్శలకు అతడు అక్కడే సమాధానమిచ్చాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇబ్సెన్ నాటకంపై అతడు రాసిన వ్యాసం లండన్‌లోని ‘ఫోర్ట్‌నైట్లీ రివ్యూ’లో అచ్చయింది. అప్పటికి అతడి వయసు 18 ఏళ్లు. పత్రానికి అడ్డుచెప్పిన కళాశాలే దానిని వినే సభనూ, ఎదురు వాదించే శ్రోతలనూ సమకూర్చింది. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే ఆ చదువు స్వభావం అర్థం కాదు.

పత్రిక తిరస్కరణ

1901లో ఆరంభమైన కళాశాల పత్రిక ‘సెయింట్ స్టీఫెన్స్’కు జాయిస్ ‘ది డే ఆఫ్ ది రాబుల్‌మెంట్’ అనే వ్యాసం ఇచ్చాడు. జాతీయ నాటకశాల జనసామాన్యం అభిరుచికి లొంగిపోతోందని అందులోని విమర్శ. పత్రిక సలహాదారైన జెస్యూట్ గురువు ఫాదర్ హెన్రీ బ్రౌన్ దానిని తిరస్కరించాడు. సహవిద్యార్థి ఫ్రాన్సిస్ స్కెఫింగ్టన్ వ్యాసానికీ అదే గతి పట్టింది. విశ్వవిద్యాలయ విద్యలో స్త్రీలకు సమాన స్థానం ఉండాలన్నది అతడి వాదం. రాయల్ విశ్వవిద్యాలయం స్త్రీలకు పట్టాలు ఇస్తున్నా, పాఠాలు చెప్పే కళాశాలలో వారికి పురుషులతో సమాన హోదా లేదు.

ఇద్దరూ తమ ఖర్చుతో రెండు వ్యాసాలనూ ఒకే చిన్న పుస్తకంగా 85 ప్రతులు అచ్చువేయించారు. ఎవరి రాతకు వారే బాధ్యులని ముందుమాటలో ప్రకటించారు. అభిప్రాయాలు కలవకపోయినా అచ్చు హక్కు కోసం ఇద్దరు ఒక అట్ట కిందికి రావడం ఇందులోని విశేషం.

ముగింపు

స్కెఫింగ్టన్ తర్వాత అదే కళాశాలకు రిజిస్ట్రార్ అయ్యాడు. స్త్రీల హోదా విషయంలో విభేదించి 1904లో ఆ పదవికి రాజీనామా చేశాడు. 1916 ఏప్రిల్ తిరుగుబాటు రోజుల్లో లూటీలను ఆపడానికి వీధిలోకి వెళ్లిన అతడిని బ్రిటిష్ సైన్యం నిర్బంధించి, విచారణ లేకుండా కాల్చి చంపింది. జాయిస్ నవల ఆ ఏడాది చివరలోనే పుస్తకంగా వచ్చింది.

పై మూడు సంఘటనల్లో అడ్డుపడినవారు వేరువేరు: తోటి విద్యార్థులు, అధ్యక్షుడు, పత్రిక సలహాదారు. మొదటిచోట జాయిస్ ఒంటరిగానే నిలిచాడు. రెండోచోట వాదనతో నెగ్గాడు. మూడోచోట అతడికి తోడు దొరికింది. నవల మొదటి అనుభవాన్నే మొత్తం చదువుకు ప్రతీకగా నిలిపింది. ఆ విధంగా నవలకు బలం చేకూరినా చరిత్రకు లోటు ఏర్పడింది. విశ్వవిద్యాలయ సమస్యలో ‘మరచిన పార్శ్వం’ అని స్కెఫింగ్టన్ తన వ్యాసానికి పేరు పెట్టాడు. జాయిస్ వ్యాసాన్ని చదివే సాహిత్య విద్యార్థులు దానితో కలిసి అచ్చయిన ఆ రెండో వ్యాసాన్నీ పక్కన పెట్టుకొని చదివితే, ఆ తరగతి గదుల్లో ఎవరికి చోటు దక్కలేదో కూడా తెలుస్తుంది.