ముప్ఫై ఏళ్ళుగా ఒకటో క్లాసులోనే!

'డిటెక్టివ్ కోనన్' అంటే పిల్లల కార్టూనేగా అని కొట్టిపారేసేవాళ్ళు మన ఆఫీసుల్లో బోలెడుమంది. నాకైతే అది జపాన్ అపరాధ పరిశోధక కథల చరిత్ర మొత్తం.

కథ తెలిసిందే. హైస్కూలు కుర్రాడు షినిచి చేత నల్లబట్టల ముఠా ఒకటి విషం మింగిస్తుంది. చావాల్సినవాడు కాస్తా ఒకటో క్లాసు పిల్లాడైపోతాడు. పేరేంటని అడిగితే అలమరలో పుస్తకాలు చూసి 'ఎదోగవా కోనన్' అనేస్తాడు. కోనన్ సరే, ఈ ఎదోగవా ఎవరు?

ఎదోగవా రాంపో. 1923లో మొదటి కథ అచ్చయింది. ఆ కలంపేరు కూడా ఎడ్గార్ ఎలన్ పోని జపాన్ నాలుకతో పలికితే వచ్చిందే! 1936లో ఆయన పిల్లల పత్రికలో కుర్ర డిటెక్టివుల కథలు మొదలెట్టాడు. కోనన్ పక్కనుండే పిల్లల ముఠా పేరు అక్కణ్ణించి తెచ్చుకున్నదే. 1939లో రాంపో కథొకటి సెన్సారు వాళ్ళు ఆపేశారు. యుద్ధం అయ్యాకే ఈ రకం కథలు మళ్ళీ ఊపిరి పీల్చుకున్నాయి. ఆ వారసత్వాన్ని గోషో అయోయామా 1994లో అందుకున్నాడు. 1996లో టీవీకెక్కింది, 2021లో వెయ్యి ఎపిసోడ్లు దాటింది, అదే ఏడాది నూరో సంపుటం వచ్చింది.

అసలు మజా ఏంటంటే, కథలో ఏడాది కూడా గడవలేదు, బయట మాత్రం లోకం మారిపోయింది. పాత కథలో ఆ విషం వివరాలు ఫ్లాపీలో దొరుకుతాయి. కంప్యూటర్లో పెట్టగానే వైరస్ అంతా తుడిచేస్తుంది. (బ్యాకప్ లేదు మరి!) ఇప్పుడదే పిల్లాడి చేతిలో స్మార్ట్‌ఫోను. చట్టం కూడా మారింది. అప్పట్లో జపాన్‌లో హత్య చేసి 15 ఏళ్ళు దొరక్కపోతే ఇక కేసే ఉండదు. ఆ గడువు ముగిసే గంటల్లో బోలెడంత ఉత్కంఠ పుట్టేది. 2005లో దాన్ని 25 చేశారు, 2010లో ఏకంగా ఎత్తేశారు. ఒకే ఒకటో క్లాసులో ఇన్ని జపాన్‌లు!

సాగదీస్తున్నారనే మాట నిజమే. ముఠా కథ ఓ అడుగు కదిలేలోగా ఎన్నో విడి కేసులు. షినిచి ఎప్పుడొస్తాడా అని రాన్ ఎదురుచూస్తూనే ఉంది, వాడేమో ఆమె ఇంట్లోనే ఉండి చెప్పలేడు. రోజుకో చిక్కుముడి విప్పేవాడికి ఈ ఒక్కటీ విప్పే వీల్లేదు. అయినా నేనెందుకు చూస్తానంటే, చాలా కేసుల్లో హంతకుడి ఆచూకీ మన కళ్ళముందే ఉంటుంది. యుగంధర్ నవలలు చదివి పెరిగినవాళ్ళకి ఆ సరదా కొత్తగా చెప్పాలా?

మొదలెట్టేవాళ్ళకో మాట. అన్నీ చూడక్కర్లేదు. మొదటి కేసు, తర్వాత హైబరా వచ్చే కథ చూడండి. ఆపగలిగితే ఆపండి :)