కరణం దస్త్రం, సర్కారు వెబ్‌సైటు

ఊరి లెక్క ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్లదే. మన భూమి, మన శిస్తు తరతరాలుగా కరణం దస్త్రంలో ఉండేవి. ఆ దస్త్రం ఏనాడూ మాల మాదిగ వాడలకు రాలేదు. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణాల వ్యవస్థ రద్దయింది. లెక్క మాత్రం ఆఫీసుల్లోకి పోయిందే గానీ మన చేతికి రాలేదు.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. మస్టర్లు, కూలి చెల్లింపులు ఎవరైనా చూసేలా ప్రభుత్వం వెబ్‌సైటులో పెట్టింది. ఎవరైనా అంటే ఎవరు? కంప్యూటరు ఉన్నవాళ్లు, చదువొచ్చినవాళ్లు. మట్టి తవ్వినామెకు అది ఇంకో దస్త్రమే.

దాన్ని తెరిచింది సామాజిక తనిఖీ. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో మొదలుపెట్టిన బహిరంగ విచారణలే దీనికి దారి. 2006 నుంచి మన దగ్గర కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లలు ఆ లెక్కల కాగితాలు పట్టుకొని ఇంటింటికీ తిరిగారు. "ఈ పని చేశావా అమ్మా? ఈ డబ్బు ముట్టిందా?" అని అడిగారు. గ్రామసభలో అందరి ముందూ చదివి వినిపించారు. చనిపోయినవాళ్ల పేర్ల మీద ఎత్తిన కూలి బయటపడింది.

తర్వాత చూపు తిరగబడింది. పనిచోట కూలీల ఫోటోలు రోజుకు రెండుసార్లు యాప్‌లో ఎక్కించాలని 2023 జనవరి నుంచి కేంద్రం తప్పనిసరి చేసింది. సిగ్నల్ అందక ఫోటో ఎక్కకపోతే చేసిన పనికి కూలి పోతోందని కూలీలు ఆ ఏడాదే ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ధర్నాకు కూచున్నారు. సర్కారు లెక్క మనం చూడ్డం పోయి, సర్కారే మనల్ని లెక్కించడం మొదలైంది.

అందుకే వెబ్‌సైటు తెరిచారనగానే మనం సంబరపడనక్కర్లేదు. అందులో ఎవరి లెక్క ఉంది, దాన్ని వాడలో ఎవరు చదివి వినిపిస్తారు అని అడగాలి. ఆ చదివే పని మనదే.