అరుగు నుంచి తరగతి గదికి: తెలుగునాట బడి స్థలం – ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'బడి' అన్న మాట చదువు సాగే వ్యవస్థను, చదువు సాగే చోటును రెండింటినీ తెలుపుతుంది. 'బడి కూలిపోయింది' అంటే కట్టడం కూలిందని. 'బడి వదిలారు' అంటే ఆనాటి చదువు ముగిసిందని. మన విద్యాచరిత్ర రచనల్లో పాఠ్యాంశాలు, బోధనాభాష, ప్రభుత్వ విధానాలు విస్తారంగా చర్చకు వచ్చాయి. చోటు గురించిన చర్చ మాత్రం తక్కువ. పిల్లవాడు ఎక్కడ కూర్చున్నాడు, గురువుకు ఎంత దూరంలో ఉన్నాడు, వెలుతురు ఎటునుంచి వచ్చింది, అసలు ఆ చోటికి రాగలిగాడా అన్న ప్రశ్నలు చదువు స్వరూపాన్ని నిర్ణయించేవే.

19వ శతాబ్ది నాటి వీధిబడి నుంచి నేటి ప్రభుత్వ పాఠశాల వరకు బడి స్థలం పొందిన మార్పును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వీధి అరుగు అభ్యసనానికి అనుకూలమైన గుణాలు కలిగి ఉండి కూడా ప్రవేశం విషయంలో సంకుచితమైనది. ప్రభుత్వ తరగతి గది ప్రవేశాన్ని విస్తరించింది గాని ఆ గుణాల్లో కొన్నింటిని పోగొట్టుకొన్నది. ఈ రెండు విషయాలనూ కలిపి చూసినప్పుడే బడి కట్టడాన్ని గురించిన నేటి చర్చకు చారిత్రక ఆధారం ఏర్పడుతుంది.

2. అరుగు మీది చదువు

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ విద్యాస్థితిపై విచారణకు ఆదేశించాడు. కలెక్టర్లు పంపిన వివరాల ఆధారంగా 1826లో ఆయన రాసిన నివేదిక ప్రకారం రాజధానిలో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారు. ఈ లెక్కల వెనుక ఉన్న బడి రూపాన్ని తెలుసుకోవడానికి బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823లో పంపిన నివేదిక ముఖ్యమైన ఆధారం. కాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణాన్ని ప్రచురించిన పండితుడు. ఆయన లెక్కించిన 533 బడుల్లో 235 కన్నడం, 226 తెలుగు నేర్పేవి. తక్కినవి మరాఠీ, సంస్కృతం, పారశీకం, తమిళం, ఇంగ్లీషు బడులు.

ఈ బడుల్లో ఎక్కువ వాటికి ప్రత్యేకమైన కట్టడం లేదు. ఇంటి ముందరి అరుగు, చావడి, గుడి మండపం, చెట్టునీడ – వీటిలో ఏదో ఒకటి బడి అయ్యేది. 1873లో 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో అచ్చయిన చార్లెస్ గోవర్ వ్యాసం ఈ బడులను అరుగు పేరుతోనే వ్యవహరించింది. అరుగు ఇంటికీ వీధికీ నడుమ ఉండే చోటు. వెనుక గోడ, పైన చూరు, ముందు వీధి. ఎండా వానా కొంతవరకు ఆగుతాయి. గాలీ వెలుతురూ ఆగవు.

ఈ చోటుకు తగిన బోధనారీతి ఏర్పడింది. పిల్లవాడు ముందుగా నేలమీద పరిచిన ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాడు. చేయి కుదిరిన తరువాత తాటాకు మీద గంటంతోనో, కాగితం మీద రెల్లుకలంతోనో రాసేవాడు. కాంబెల్ వర్ణన ప్రకారం పిల్లలు సాధారణంగా నాలుగు జట్లుగా ఉండేవారు. పై జట్టు వారు కింది జట్టు వారికి నేర్పేవారు. గురువు పెద్దవారికి పాఠం చెబుతూనే బడి మొత్తాన్ని కనిపెట్టి ఉండేవాడు. స్థలం చిన్నది కావడం వల్ల ఇది సాధ్యమైంది. అందరూ కలిసి గట్టిగా వల్లె వేసినా ఆ ధ్వని వీధిలోకి పోయేది కనుక పక్క జట్టు పనికి పెద్దగా అడ్డు రాదు. పైవాడి పాఠం కిందివాడి చెవిన పడుతూనే ఉంటుంది. ఈ పద్ధతిలో తక్కువ ఖర్చుతో రాత నేర్పడాన్ని, నేర్చినవాడు నేర్పుతూ తన చదువును గట్టిపరచుకోవడాన్ని కాంబెల్ మెచ్చుకొన్నాడు.

3. అరుగు ఎవరిది?

అయితే అరుగు ఒక ఇంటికి చెందినది. ఆ ఇల్లు ఒక వీధిలో, ఆ వీధి ఒక కులం పేటలో ఉంటుంది. ఊరి వెలుపలి వాడల పిల్లలకు ఆ అరుగెక్కే హక్కు లేదు. ఎవరూ ప్రత్యేకంగా నిషేధం విధించనక్కరలేకుండానే చోటు ఆ పని చేసేది. బాలికల స్థితిని కూడా అంకెలే చెబుతాయి. బళ్ళారి బడుల్లోని 6,641 మందిలో బాలికలు 60 మంది.

కనుక దేశీయ బడిని కేవలం బోధనారీతి దృష్టితో ప్రశంసించడం సగం చరిత్ర మాత్రమే. దళిత వాడల్లో మొదటి బడులు తరచు వేరే చోట్ల వెలిశాయి. క్రైస్తవ మిషన్లు వాడలో కట్టిన గది వారంలో బడిగా, ఆదివారం ప్రార్థనాస్థలంగా ఉపయోగపడింది. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1910 నుంచి దళిత బాలల కోసం పాఠశాలలు నెలకొల్పాడు. అగ్రహారాల్లో, గుళ్ళలో, చావళ్ళలో నడిచే బడులను అందరూ రాగల చోట్లకు మార్చాలన్న ఆదేశాలు మద్రాసు ప్రభుత్వం నుంచి 1910ల చివర వెలువడ్డాయి. బడి ఉన్న చోటే ప్రవేశానికి అడ్డమని ప్రభుత్వం గుర్తించిందనడానికి ఇది నిదర్శనం.

ఉమ్మడి గదిలోకి వచ్చినంత మాత్రాన ఈ అడ్డు పూర్తిగా తొలగలేదు. సతారాలో బాలుడైన అంబేడ్కర్ తక్కిన పిల్లలకు ఎడంగా, ఇంటినుంచి తెచ్చుకొన్న గోనెపట్ట మీద కూర్చోవలసి వచ్చింది. బంట్రోతు పోస్తే తప్ప నీళ్ళు తాగే వీలు లేదు. ఈ అనుభవాన్ని ఆయనే రాసి పెట్టాడు. గడప దాటిన తరువాత గదిలోపలే మరొక వెలి ఏర్పడుతుందని, కూర్చునే చోటు, నీళ్ళకుండ ఉన్న చోటు పిల్లల క్షేమాన్ని పాఠంతో సమానంగా నిర్ణయిస్తాయని దీనివల్ల తెలుస్తుంది.

4. వరుసల గది

మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమానికి 1789లో పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ స్థానిక పిల్లలు ఇసుకలో రాయడం చూసి, ఆ పద్ధతిని, పెద్ద పిల్లలచేత చిన్నవారికి నేర్పించే పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టాడు. 1797లో లండనులో దీన్ని గురించి పుస్తకం ప్రచురించాడు. జోసెఫ్ లంకాస్టర్ ఇటువంటి పద్ధతినే వందలమంది పిల్లలకు వర్తింపజేశాడు. పిల్లల సంఖ్య పెరిగేసరికి చోటు మారింది. పొడవైన హాలు, ఒకదాని వెనుక ఒకటిగా బల్లలు, ఎత్తు పీఠం మీద ఉపాధ్యాయుడు వచ్చాయి. అరుగు మీద దగ్గరితనం నుంచి పుట్టిన పరస్పర బోధన హాలులో నిఘాగా మారింది.

1854 నాటి వుడ్ విద్యాప్రణాళిక తరువాత సహాయక నిధుల పద్ధతి వచ్చింది. తనిఖీ, హాజరుపట్టీ, తరగతుల విభజన నిధులకు షరతులయ్యాయి. పిల్లల స్థాయిని తరగతివారీగా పరీక్షించాలంటే వారిని తరగతివారీగా కూర్చోబెట్టాలి. ఈ పరిపాలనా అవసరం నుంచి వరుసల గది బలపడింది. వెలుతురు ఎడమ వైపు నుంచి వస్తే రాసే చేతి నీడ కాగితం మీద పడదన్నటువంటి ఆలోచనలు ఇంగ్లండులో ఇ. ఆర్. రాబ్సన్ 1874లో ప్రచురించిన పాఠశాల వాస్తుగ్రంథంలో కనిపిస్తాయి. మన గ్రామాలకు చేరింది ఎక్కువగా వరుసలే; ఆ వరుసల వెనుక ఉన్న వెలుతురు గురించిన ఆలోచన అంతగా చేరలేదు.

5. దండనల పేర్లలో స్థలం

బడి స్థలం పిల్లల శరీరాలపై ఎలా పనిచేసిందో తెలుగు దండన పదాలు నమోదు చేశాయి. చేతులు కట్టి పైకప్పు నుంచి వేలాడదీయడాన్ని 'కోదండం వేయడం' అనేవారు. కాంబెల్ నివేదికలోనూ ఈ శిక్ష ప్రస్తావన ఉంది. గోడకు వీపానించి, లేని కుర్చీలో కూర్చున్నట్టు నిలబెట్టడం 'గోడకుర్చీ'. గదిలోకి బల్లలు వచ్చాక 'బెంచీ ఎక్కించడం' వచ్చింది. దూలం, గోడ, బల్ల – చదువుకు ఆసరాగా ఉండవలసిన కట్టడపు భాగాలే శిక్షాసాధనాలయ్యాయి.

కనుక కొరడా లేని స్వర్ణయుగంగా వీధిబడిని ఊహించుకోవడం చరిత్రకు విరుద్ధం. ఆలస్యంగా వచ్చినవారికి వచ్చిన వరుసను బట్టి దెబ్బలు పెరిగేవని కాంబెల్ రాశాడు. అరుగు, గది రెండూ పిల్లలను భయపెట్టాయి, తేడా సాధనాల్లోనే.

6. స్వాతంత్ర్యానంతర మార్పులు

1986 జాతీయ విద్యావిధానాన్ని అనుసరించి 1987లో మొదలైన 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డు' ప్రతి ప్రాథమిక పాఠశాలకు అన్ని రుతువుల్లో పనికివచ్చే రెండు పెద్ద గదులు, బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లు ఉండాలని నిర్దేశించింది. 2009 విద్యాహక్కు చట్టం అనుబంధం ఉపాధ్యాయునికొక గది, అడ్డంకులు లేని ప్రవేశం, తాగునీరు, ఆటస్థలం, ప్రహరీ వంటివాటిని ప్రమాణాలుగా చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన 'నాడు–నేడు', తెలంగాణలో 2022లో మొదలైన 'మన ఊరు – మన బడి' ఈ వసతుల కల్పననే ప్రధానంగా చేపట్టాయి. మరుగుదొడ్డి, నీరు లేని బడిలో ఎదిగే ఆడపిల్ల హాజరు నిలవడం కష్టం కనుక వీటి విలువ చాలా పెద్దది.

అయినా గది ఉండడం వేరు, గది చదువుకు తగినట్టు ఉండడం వేరు. కాంక్రీటు కప్పు, సిమెంటు నేల, నున్నని గోడలు ధ్వనిని తిప్పికొడతాయి. రెండు తరగతులు ఒకే గదిలో కూర్చుంటే ఏ పాఠమూ స్పష్టంగా వినపడదు. రేకుల కప్పు కింద వేసవి మధ్యాహ్నాలు ఏకాగ్రతను హరిస్తాయి. ఇంగ్లండులో సాల్ఫర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు 27 పాఠశాలల్లోని 153 తరగతి గదులను, 3,766 మంది పిల్లలను పరిశీలించి 2015లో ఫలితాలను ప్రకటించారు. పిల్లల ఏడాది ప్రగతిలో కనిపించిన వ్యత్యాసంలో 16 శాతాన్ని గది భౌతిక లక్షణాలతో వివరించవచ్చని, వెలుతురు, ఉష్ణోగ్రత, గాలి నాణ్యత వాటిలో ముఖ్యమైనవని వారు తేల్చారు. అక్కడి అంకెలు మన వాతావరణానికి యథాతథంగా వర్తించకపోవచ్చు. ప్రశ్నలు మాత్రం వర్తిస్తాయి.

ఈ సందర్భంలో మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ బడుల ప్రయోగం గమనించదగినది. వేర్వేరు తరగతుల పిల్లలు అక్కడ చిన్న జట్లుగా గుండ్రంగా కూర్చుని, మెట్లుగా అమర్చిన కార్డుల సాయంతో ఎవరి వేగంతో వారు నేర్చుకొంటారు. ఒక జట్టుకు ఉపాధ్యాయుడు, మరొక జట్టుకు తోటి పిల్లలు తోడుంటారు. ఈ ప్రయోగం ప్రేరణతో 2003 తరువాత చెన్నై నగర పాఠశాలలు చేపట్టిన పద్ధతిలో గోడల కింది భాగం పిల్లలకు అందే ఎత్తులో నల్లబల్ల అయింది. గోడకుర్చీకి ఆనిక అయిన గోడ పిల్లవాడు రాసుకొనే చోటుగా మారింది. వీధిబడిలోని పరస్పర బోధన అందరికీ తెరిచిన బడిలోకి తిరిగి ప్రవేశించడానికి ఇది ఒక ఉదాహరణ.

7. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, బడి స్థలం చదువు వెలుపలి విషయం కాదు. ఎవరు చదవాలో, ఎవరి పక్కన కూర్చోవాలో అదే నిర్ణయించింది. రెండు, అరుగు ఇచ్చిన గాలి, వెలుతురు, దగ్గరితనం దాని సంకుచితత్వంతో విడదీయరానివి కావు. అందరి బడిలోనూ వాటిని సాధించవచ్చు. మూడు, గదుల సంఖ్యతో ఆగిపోయే ప్రణాళిక ప్రవేశ సమస్యను తీర్చినా అభ్యసన సమస్యను తీర్చదు. కొత్త గది కట్టేటప్పుడు కిటికీ ఎటు ఉండాలి, నల్లబల్ల ఎంత ఎత్తున ఉండాలి, చివరి వరుసలోని పిల్లకు మాట వినపడుతుందా అన్న ప్రశ్నలను ఇంజనీరుతో పాటు ఉపాధ్యాయుడూ అడగగలగాలి. గ్రామాల్లో మిగిలి ఉన్న పాత బడుల కట్టడాలను, వాటిలో చదివిన వృద్ధుల జ్ఞాపకాలను జిల్లాలవారీగా సేకరిస్తే ఈ చరిత్ర మరింత సమగ్రమవుతుంది. అరుగులు, వాటి మీద చదివిన తరం రెండూ వేగంగా కనుమరుగవుతున్నందున ఈ సేకరణ ఆలస్యం చేయరానిది.