ఆశపడి కొన్న పాటలు: నిందాస్తుతి, ఉత్త నింద

శ్రీకాకుళం అనగానే అందరికీ ఉత్తరాంధ్ర జిల్లాయే స్ఫురిస్తుంది. నేను చెప్పబోయేది కృష్ణ ఒడ్డున, ఘంటసాల మండలంలో ఉన్న శ్రీకాకుళం. ఆముక్తమాల్యద రచనకు శ్రీకృష్ణదేవరాయలికి స్వప్నంలో ఆనతి ఇచ్చిన ఆంధ్రమహావిష్ణువు కొలువున్న ఊరు అదే. ఆ స్వామి మీద దివిసీమలోని పెదప్రోలుకు చెందిన కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం చెప్పాడు. చదివినవారికి తెలుసు, అది మామూలు భక్తిశతకం కాదు. దేవుణ్ణి నిలబెట్టి కడిగేశాడు కవి. నీ పెద్దరికమేమిటి, నీ సంసారమేమిటి, నీ గొప్పలన్నీ ఎవరివల్ల వచ్చాయి అంటూ సీసం తరువాత సీసంలో నిలదీస్తాడు. ఆలయం ఆదరణ తప్పి ఉన్న రోజుల్లో కవి ఇలా ఎత్తిపొడిచాడనీ, దానితో చల్లపల్లి జమీందారు కదిలి గుడి బాగోగులు చూశాడనీ మా వైపు చెప్పుకుంటారు. అలంకారశాస్త్రం దీనికి వ్యాజస్తుతి అని పేరు పెట్టింది. వాడుకలో నిందాస్తుతి.

ఈ శతకం గురించి రాద్దామని కూర్చోలేదు. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసి, డబ్బు పెట్టి కొని, ఇంటికి తెచ్చి వింటే ఉసూరుమనిపించిన పాటల సంపుటాల గురించి రాద్దామనుకున్నాను. రాస్తూండగా కాసుల కవి అడ్డం వచ్చాడు. ఎందుకంటే అభిమాని తిట్టే తిట్లలో సగం నిందాస్తుతులే. ప్రేమించినవాడు తన స్థాయికి తగ్గాడే అన్న బాధ అందులో ఉంటుంది. మిగతా సగం వేరు. అమ్మినవాడు మోసం చేశాడన్న కోపం అది. అందులో స్తుతి లేశమైనా లేదు, ఉండనక్కరలేదు కూడా. ఈ రెంటినీ కలగలిపి అభిమానులు ఊరికే గోల చేస్తారని కొట్టిపారెయ్యడం నాకు సమ్మతం కాదు.

ముందు ప్లేట్ల కాలం. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడగా ఈ దేశపు తొలి గ్రామఫోను రికార్డులు తయారయ్యాయి. 78 వేగంతో తిరిగే పది అంగుళాల ప్లేటులో ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాలు, ఇంకాస్త లాగితే మూడున్నర. కృష్ణాజిల్లా శ్రోత చెవులకు ఇది ఎంత చిన్న కొలతో ఊహించండి! కూచిపూడి భాగవతుల ఆట తెల్లవార్లూ చూసినవాడు ఇతడు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు బందరు హైస్కూల్లో పాఠం చెప్పిన సీమలో, తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు పొలం గట్ల మీద కూడా వినిపించేవి. నాటకంలో పద్యం అయిపోయాక రాగం మొదలయ్యేది. రాగం ముగిస్తే "వన్స్‌మోర్". స్థానం నరసింహారావుగారు సత్యభామగా ఒక్క పాటనే మాటమాటకూ అభినయం మార్చి ఎంతసేపు సాగించేవారో చూసినవారు రాసి పెట్టారు. అటువంటి రాత్రి గడిపినవాడు మర్నాడు కీ ఇచ్చి ప్లేటు వింటే, పద్యం ఎత్తుకున్నంతలో ముల్లు లోపలి అంచుకు చేరి గరగరలాడేది. గాయకుడు అసలైనవాడే, గొంతూ అసలైనదే. సీసాలో కృష్ణానది పట్టలేదు, అంతే.

ఈ ఇరుకులోనే పద్యానికి కొత్త రూపం తెచ్చినవాడు కూడా ఈ నేలవాడే కావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. ఘంటసాల వేంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టాడు. తండ్రి సూరయ్యగారు నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు, పిల్లవాడు వాటికి చిందులు వేసేవాడు. పోతే, ఇంటిపేరు శ్రీకాకుళస్వామి ఉన్న మండలం పేరే. విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రిగారి వద్ద చదువుకుని, 1942 ఉద్యమంలో జైలుకు వెళ్ళి, ఆనక మద్రాసు చేరిన ఈ మనిషి, పద్యంలో రాగాన్ని కుదించి అర్థాన్ని ముందుకు తెచ్చాడు. ఏ మాట దగ్గర ఆగాలో, ఏ సమాసాన్ని విరవకూడదో చూసుకుని, చివర నాలుగు సంగతులతో సరిపెట్టేవాడు. కరుణశ్రీ పుష్పవిలాపం ఊరూరా పాకింది అలాగే. నాటకాల తరం మొదట్లో సణిగింది. "రాగం లేని పద్యమేమిటయ్యా, ఉప్పులేని పప్పులాగా!" అని మా తాతగారి ఈడువారు అనుకోవడం నేను విన్నాను. అదే తాతగారు సాయంత్రం రేడియో దగ్గర ఘంటసాల పద్యం వస్తే చెయ్యెత్తి అందరినీ ఊరుకోమనేవారు. 1948 డిసెంబరులో విజయవాడ ఆకాశవాణి మొదలయ్యాక డెల్టా ఇళ్ళలో ఇలాంటి చెయ్యెత్తడాలు ఎన్నో.

ఆయన చివరి పెద్ద పని భగవద్గీత. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల పోయాక అది ఎల్.పి.గా వెలువడింది. ఏడువందల శ్లోకాలలో రమారమి నూరు, వాటికి తెలుగు తాత్పర్యం. మొత్తం గీత పాడించి ఉంటే బాగుండేదని కొరత పడినవారు లేకపోలేదు. కానీ ఇప్పటికీ ఆ గొంతుకు జనం ఇచ్చే మర్యాద చూస్తే ఆ కొరతను లెక్కలోకి తీసుకోనక్కరలేదు. (చావు ఇంట్లో మాత్రమే వినిపించే పాటగా దాన్ని మార్చేశాం మనం. అది వేరే దుఃఖం.)

అసలు అన్యాయం క్యాసెట్లతో మొదలైంది. ఫిలిప్స్ వారు 1963లో తెచ్చిన ఈ పెట్టె మన దేశంలో ఇంటింటికీ చేరింది ఎనభయ్యవ దశకంలో. పాత సినిమా పాటల మూల రికార్డులు చాలావరకు గ్రామఫోను కంపెనీ చేతిలో ఉండిపోయాయి. కొత్తగా వచ్చిన క్యాసెట్టు వ్యాపారులకు అవి దక్కవు. దక్కించుకోవడానికి చట్టంలో ఒక సందు దొరికింది. 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షను ప్రకారం, పాట మొదట రికార్డయిన రెండేళ్ళ తరువాత, నోటీసు ఇచ్చి, నిర్ణీత రాయల్టీ చెల్లించి, ఎవరైనా అదే పాటను వేరే గొంతుతో మళ్ళీ రికార్డు చేసుకోవచ్చు. హిందీలో టి-సిరీస్ ఈ దారిన పాత పాటల వరద పారించింది. రఫీ పాటలు, కిశోర్ పాటలు కొత్త కుర్రవాళ్ళ గొంతుల్లో బజారుకెక్కాయి. ఆ కుర్రవాళ్ళలో కొందరు తరువాత పెద్ద గాయకులయ్యారనుకోండి.

తెలుగులోనూ ఆ సరుకు వచ్చింది. అట్ట మీద ఘంటసాల బొమ్మ, ఆ బొమ్మ కింద పెద్ద అక్షరాలతో ఆయన పేరు. పాడినవాడి పేరు మడత లోపల, చీమతలకాయంత. మా పెదనాన్న బందరు వెళ్ళి అలాంటిదొకటి తెచ్చారు. ఆయనకు అప్పటికే చూపు ఆనేది కాదు. అట్ట మీద బొమ్మ చూసి కొన్నారు. ఇంట్లో అందరినీ పిలిచి కూర్చోబెట్టి మీట నొక్కారు. వాద్యాలు మొదలయ్యాయి, ఏదో కీబోర్డు చప్పుడు. పల్లవి రెండో పాదం రాకుండానే ఆయన ముఖం మారిపోయింది.

"ఒరేయ్, ఇది ఆయన కాదురా."

"ఆయనే పెదనాన్నా, అట్ట మీద బొమ్మ ఉందిగా" అన్నాడు మా అన్నయ్య.

"బొమ్మ ఆయనదే. గొంతు ఆయనది కాదు. తీసెయ్."

మళ్ళీ ఆ క్యాసెట్టు మా ఇంట్లో మోగలేదు. దాని మీద పెదనాన్న భజన పాటలు రికార్డు చేసుకున్నారు. నాకు బాగా గుర్తుండిపోయింది ఆయన కోపం కాదు, సిగ్గు. నలుగురినీ పిలిచి కూర్చోబెట్టినందుకు సిగ్గుపడ్డారు. తప్పు చేసినవాడెవడో, సిగ్గుపడినవాడెవరో చూడండి. ఆ పాడిన కుర్రవాడి మీద నాకేమీ ఆగ్రహం లేదు. వాడికి అది కూలి. చెప్పుకోదగ్గ గొంతే కావచ్చు కూడా. కానీ ఆ అట్ట అబద్ధమాడింది.

ఈ మాట చట్టానికీ తెలుసు. 1994 సవరణలోనే, జనాన్ని భ్రమపెట్టే అట్టతో ఇటువంటివి అమ్మరాదన్న షరతు చేరింది. 2012 సవరణ ఇంకా గట్టిగా బిగించింది. 31-సి అనే కొత్త సెక్షను ప్రకారం రెండేళ్ళ గడువు అయిదేళ్ళయింది. పాత రికార్డులో పాడినవారి పేరు గానీ, బొమ్మ గానీ అట్ట మీద ఉండరాదు. ఇది మళ్ళీ పాడించిన రికార్డు అని అట్ట మీదే రాయాలి. మంచి నియమం. అయితే అప్పటికి క్యాసెట్టు అన్న వస్తువే అంగళ్ళలోంచి దాదాపు మాయమైపోయింది! కృష్ణకు గండి పడి పొలం మునిగాక కట్ట పోసినట్టుంది.

ఇది ఉత్త నింద. ఇక నిందాస్తుతి సంగతి. ఇక్కడ మనిషి అసలైనవాడే, అట్ట నిజమే చెబుతుంది, పాటే అనుకున్నట్టు ఉండదు. ఇది మన ఒక్కళ్ళ బాధ కాదు. 1997 ఆగస్టులో ఒయాసిస్ అనే ఆంగ్ల బృందం 'బీ హియర్ నౌ' విడుదల చేస్తే బ్రిటన్‌లో మొదటి వారంలోనే ఆరు లక్షల పైచిలుకు అమ్ముడుపోయింది. విమర్శకులు ఆకాశానికెత్తారు. కొద్ది నెలల్లోనే కొన్నవాళ్ళు మొహం మొత్తి పక్కన పెట్టారు, ఆ పాటలు కట్టిన నోయెల్ గాలహరే తరువాత దాన్ని ఈసడించాడు.

మన దగ్గర దీనికి సాటి ఏ.ఆర్. రెహమాన్ స్ట్రెయిట్ తెలుగు సినిమాలు. 1992లో రోజా, దాని వెంట జెంటిల్‌మన్, దొంగ దొంగ, ప్రేమికుడు. అన్నీ డబ్బింగే. అరవ పెదవులకు తెలుగు మాటలు అతికించడమనే కఠినమైన పనిని రాజశ్రీగారు ఎంత నేర్పుతో చేసేవారో, 1994లో ఆయన పోయాక గానీ మనకు తెలిసిరాలేదు. ఆ పాటలు మోగని కిళ్ళీకొట్టు గుడివాడలో గానీ, అవనిగడ్డలో గానీ ఉండేది కాదంటే అతిశయోక్తి కాదు. అప్పుడు కుర్రకారు ఆలోచన చాలా సహజమైనది. పరాయి భాషలో కట్టిన బాణీలే ఇంత తియ్యగా ఉంటే, మన భాషకే కడితే ఎలా ఉంటుంది?

1994లో జవాబు వచ్చింది. వెంకటేశ్‌తో కె. మురళీమోహనరావు తీసిన సూపర్ పోలీస్, రాజశేఖర్‌తో బి. గోపాల్ తీసిన గ్యాంగ్ మాస్టర్. ఒకే ఏడాది రెండు. క్యాసెట్టు కొన్నవాడు రోజా వెతుక్కున్నాడు. దొరికింది మామూలు హీరో సినిమాకు కావలసిన అరడజను పాటలు, వాటి మీద రెహమాన్ శబ్దాల పూత. అదే ఏడు కృష్ణంరాజు పల్నాటి పౌరుషం కూడా ఉంది. కానీ అది భారతీరాజా తమిళ చిత్రం కిళక్కు చీమయిలేకి పునర్నిర్మాణం, బాణీలూ అక్కడినుంచి వచ్చినవే. పాటలు నిలబడ్డాయి కూడా. అంటే మన కోసం కొత్తగా కట్టినవి నిలవలేదు, పొరుగింటినుంచి తెచ్చినవే నిలిచాయి!

కారణం ఆయనకు తెలుగు రాకపోవడమని అప్పట్లో తేల్చేసేవారు. నాకు అది నిలవదనిపిస్తుంది. దిలీప్‌గా ఉన్న రోజుల్లో ఆయన రాజ్-కోటి బృందంలో ఏళ్ళ తరబడి కీబోర్డు వాయించాడు. తెలుగు వ్యాపార సినిమా పాట ఎలా పుడుతుందో దగ్గరినుంచి చూసినవాడే. నా ఊహ వేరు. మణిరత్నం వంటి దర్శకుడు పాట కోసం జాగా వదిలి, కాలం ఇచ్చి కూర్చుంటాడు. మన సూత్రంలో హీరో ప్రవేశానికొకటి, వానకొకటి, చివర ఊపుకొకటి అని ముందే గళ్ళు గీసి ఉంటాయి. ఆ గళ్ళు నింపడంలో రాజ్-కోటి, కీరవాణి ఆరితేరినవారు. రెహమాన్‌కు గళ్ళు పనికిరావు. పైగా ఆ ఒక్క 1994లోనే తమిళంలో డ్యూయెట్, కాదలన్, మే మాదం, కరుత్తమ్మ, పవిత్ర. రాత్రంతా మేలుకొని నిదానంగా పనిచేసే మనిషికి ఇది ఎక్కువే.

ఆపైన పదేళ్ళు ఆయన స్ట్రెయిట్ తెలుగు వైపు చూడలేదు. 2004లో మహేశ్‌బాబుతో ఎస్.జె. సూర్య నాని తీశాడు. మళ్ళీ ఆశ, మళ్ళీ సణుగుడు. సినిమా ఆడలేదు. ఆ క్యాసెట్టులో అమ్మ మీద చంద్రబోస్ రాసి, ఉన్నికృష్ణన్, సాధనా సర్గమ్ పాడిన పాట ఒకటుంది. విడుదలైనప్పుడు దాన్ని ఎవరూ ప్రత్యేకంగా ఎత్తుకోలేదని నా జ్ఞాపకం. ఏళ్ళు గడిచాక చూస్తే సినిమా పేరు మరచినవారు కూడా ఆ పాటను మరవలేదు. పిల్లల పాటల పోటీల్లో, మాతృదినోత్సవాల్లో ఇప్పటికీ అదే.

2009 ఫిబ్రవరిలో రెండు ఆస్కార్లు వచ్చాక ఆశ కట్టలు తెంచుకుంది. 2010లో ముందు ఏ మాయ చేసావె వచ్చి అందరి నోళ్ళూ మూయించింది. అనంత శ్రీరామ్ మాటలూ, గౌతమ్ మేనన్ ఇచ్చిన జాగా, నేను పైన చెప్పిన ఊహకు బలం చేకూర్చేవే. అదే ఏడు పవన్ కళ్యాణ్ కొమరం పులి. దర్శకుడు మళ్ళీ సూర్యే. ఆస్కారు వీరుడు, మహా జనాకర్షణ ఉన్న నాయకుడు కలిశారంటే అభిమాని కలలో ఏం వినిపించి ఉంటుందో చెప్పనక్కరలేదు. సీడీ వచ్చిన వారం మా ఊరి కుర్రాళ్ళు మొహాలు వేలాడేసుకుని "పదిసార్లు వింటే గానీ ఎక్కదురా ఈయన పాట" అని ఒకళ్ళనొకళ్ళు ఓదార్చుకున్నారు. పదిసార్లూ విన్నారు. కొందరికి ఎక్కింది, చాలామందికి ఎక్కలేదు. తిట్టారు. అట్ట మీద ఉన్నది ఆయనే, లోపల ఉన్నదీ ఆయనే కాబట్టి మా పెదనాన్నలా తీసెయ్యమని ఎవరూ అనలేదు.

గ్యాంగ్ మాస్టర్ క్యాసెట్టు నా దగ్గర ఇంకా ఉంది. మొదటి వైపు అరిగింది. రెండో వైపు కొత్తగానే ఉంది.