అమ్మమ్మ పీటా, నడిచొచ్చే అలమారలూ

వంటింట్లో మా అమ్మమ్మ పీట వేసుక్కూర్చుందంటే ఇక లేచేది కాదు. "ఆ చింతపండు జాడీ ఇలా అందుకో. పప్పుల డబ్బా ఏదే?" అంటూ కూర్చున్న చోటినుంచే చక్రం తిప్పేది. మనవలం తలా ఒకటీ మోసుకొచ్చేవాళ్ళం, పని కాగానే తీసుకెళ్ళి సర్దేసేవాళ్ళం. ఇదే కిటుకు అమెరికాలో పెద్ద పెద్ద గోదాముల రాత మార్చేసిందంటే నమ్ముతారా?

ఏ గోదాములోనైనా చిరకాలంగా ఒకటే పద్ధతి. వస్తువు కదలదు, మనిషే దాని దగ్గరికి నడవాలి. చేతిలో చీటీ, ముందు తోపుడుబండి, రోజంతా మైళ్ళకొద్దీ నడక. డ్రైవరు లేని బండ్లు 1950లలోనే వచ్చాయి. బారెట్ ఎలక్ట్రానిక్స్ అనే అమెరికన్ కంపెనీ వాటిని తయారుచేసింది. కానీ తీగ ఎటు వేస్తే అటే వాటి ప్రయాణం. పాపం, గానుగెద్దు బతుకు!

1996లో కాలిఫోర్నియాలో వెబ్‌వాన్ అనే సంస్థ పుట్టింది. ఇంటర్నెట్‌లో అడిగితే వంటసామాను ఇంటికి పంపిస్తామంది. 2001 జులైలో దివాళా తీసింది. అక్కడ పనిచేసిన మిక్ మౌంజ్ అనే ఆయన మాత్రం ఊరుకోలేదు. కంపెనీ ఎందుకు మునిగిందా అని ఆలోచిస్తే, ఒక్కొక్క ఆర్డరుకూ సరుకు ఏరి కట్టే ఖర్చు కళ్ళ ముందు కనిపించింది. మనిషి వస్తువు దగ్గరికి వెళ్ళే బదులు వస్తువే మనిషి దగ్గరికి వస్తే? 2003లో కీవా సిస్టమ్స్ పెట్టాడు. పీటర్ వుర్మన్, రఫాయెల్లో డాండ్రియా అనే ఇద్దరు ఇంజనీరింగు పండితులు తోడయ్యారు.

రోబో అనగానే కాళ్ళూ చేతులూ ఊహించుకునేరు! ఇది చూడ్డానికి చక్రాలు తొడిగిన పీటలా ఉంటుంది. నేలమీద అంటించిన గుర్తుల్ని చదువుకుంటూ వెళ్ళి, అలమార కిందికి దూరి, దాన్ని ఎత్తుకుని, మనిషి ముందుకు తెచ్చి నిలబెడుతుంది. కావలసింది తీసుకోగానే తిరుగుముఖం పడుతుంది.

సర్దుడు ఇంకా చిత్రం. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడే సరుకు. సబ్బుల పక్కన నవల ఉండొచ్చు, నవల పక్కన పిల్లల బొమ్మ. ఏది ఎక్కడుందో, ఎన్నున్నాయో కంప్యూటరుకు గుర్తే. తరచూ కావలసినవి దగ్గరికి జరుగుతాయి, అడిగేవాళ్ళు లేనివి మూలకు పోతాయి. మనం కాఫీపొడి చేతికందేలా పెట్టుకుని, వడియాల మూకుడు అటకెక్కించినట్టే.

2012లో అమెజాన్ ఈ కంపెనీని 77.5 కోట్ల డాలర్లకు కొనేసింది. తన గోదాముల్లో రోబోల సంఖ్య పది లక్షలకు చేరిందని 2025లో ప్రకటించింది.

మరి నడక తప్పింది కదా, ఆ పనివాళ్ళు సుఖపడ్డారా? 2020లో రివీల్ అనే అమెరికన్ వార్తాసంస్థ అమెజాన్ సొంత లెక్కల్నే బయటపెట్టింది. 2016 నుంచి 2019 వరకు, రోబోలు లేని గోదాములకన్నా ఉన్నవాటిలో తీవ్రమైన గాయాలు యాభై శాతానికి పైగా ఎక్కువట! ఆ వ్యాఖ్యానాన్ని కంపెనీ ఒప్పుకోలేదు. రివీల్ రాసిన కారణం మాత్రం మనకు తెలియనిది కాదు. గంటకు సుమారు వంద వస్తువులు తీసే మనిషిని నాలుగు వందలదాకా తియ్యమన్నారట. కాళ్ళు తేలికపడ్డాయి సరే, భుజాలూ నడుమూ ఏమైపోవాలి?

మనింట్లో జరిగిందీ అదే. గ్రైండరొచ్చాక రుబ్బురోలు బాధ తప్పింది. అప్పటినుంచీ "పిండి రుబ్బడం ఎంతసేపే!" అంటూ రోజూ ఇడ్లీలూ దోసెలూ అడగడం మొదలుపెట్టారు. మిగిలిన ఆ గంట ఏమయిందో అమ్మకే తెలియదు.

మా అమ్మమ్మకూ వస్తువులు నడిచే వచ్చేవి. కానీ నడుం పట్టేస్తే, "ఆగండర్రా, కాసేపు" అనేది. మేమంతా ఎక్కడివాళ్ళం అక్కడే ఆగిపోయేవాళ్ళం. గోదాములో అమ్మాయి ముందు ఒక అలమార కదలగానే ఇంకోటి వచ్చి నిలబడుతుంది. "ఆగండర్రా" అని ఆ పిల్ల ఎవరితో చెప్పుకోవాలి?